నల్ల రిమ్ము కన్నా ముందు నేల: బెజవాడ, గుంటూరు దారులకు ఏటీ టైర్లు, బ్లాక్ వీల్స్ ఎలా ఎంచుకోవాలి?

ఫోన్‌లో ఒక నల్ల అల్లాయ్ వీల్ ఫొటో పెట్టుకుని ఆటోనగర్‌కు వెళ్లి "ఇలాంటివి కావాలి" అంటే ఇచ్చేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. అవి బండికి ఎక్కుతాయి కూడా. కానీ ఎక్కడం వేరు, సరిపోవడం వేరు. థార్, జిమ్నీ, గూర్ఖా, ఫార్చ్యూనర్, ఏ బండైనా సరే కొనే వరస ఒకటే. ముందు మీరు తిరిగే నేల, తర్వాత సైజు, తర్వాత టైరు, ఆ టైరుకు తగ్గ రిమ్ము, ఆఖర్న రంగు. ఈ వరస తలకిందులైతే డబ్బులు రెండుసార్లు పెట్టాల్సి వస్తుంది. నల్ల వీల్స్ బండికి అందం, నాకూ ఇష్టమే. అందుకే అవి పదేళ్లు నిలిచేలా, బండికి చేటు చేయకుండా ఎలా ఎంచుకోవాలో వివరంగా రాస్తున్నాను.

మొదటి పని: మీ నేల ఏదో తేల్చుకోండి

ఒక నెలపాటు బండి ఎక్కడెక్కడ తిరిగిందో కాగితం మీద రాయండి. మొహమాటం లేకుండా రాయండి. బెంజి సర్కిల్, బందరు రోడ్డు, గుంటూరుకు వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాదు వైపు 65. చాలామందికి ఇందులో తారురోడ్డు వాటాయే పెద్దదిగా తేలుతుంది. ఊరికి వెళ్లినప్పుడు చివరి రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే మట్టి దారి, అదీ ఎండాకాలంలోనే అయితే మీకు ఏటీ, అంటే తారు మీదా మట్టిలోనూ నడిచే ఆల్ టెరైన్ టైరు అక్కర్లేదు. కంపెనీ ఇచ్చిన హెచ్‌టీ, అంటే హైవే టైరే వానలో బాగా ఆగుతుంది, చప్పుడు తక్కువ, మైలేజీ ఎక్కువ. ఆ డబ్బు మిగుల్చుకోండి.

వారానికి ఒకసారైనా డొంకలో, కాలవ కట్ట మీద, పొలంలో, క్వారీ దారిలో తిరిగేవాళ్లకు ఏటీ సరైనది. తారు, మట్టి రెండింటినీ సంబాళిస్తుంది. ఎంటీ, అంటే మడ్ టైరు, చూడ్డానికి భీకరంగా ఉంటుంది. కానీ పెద్ద పెద్ద దిమ్మెలతో ఉండే ఆ రబ్బరు తడి తారు మీద సరిగా ఆగదు, హైవే మీద మోత మోగిస్తుంది, త్వరగా అరుగుతుంది. రోజూ బెజవాడ, గుంటూరు మధ్య తిరిగే బండికి ఎంటీ వేయించుకోవద్దని గట్టిగా చెబుతాను.

ఏటీల్లో ఏ రకం అన్నది మీ మట్టిని బట్టి ఉంటుంది. మన రెండు జిల్లాల చుట్టూ ఉన్న నేలలు ఒకదానితో ఒకటి పొత్తు లేనివి.

తాడికొండ, అమరావతి, ప్రత్తిపాడు వైపు నల్లరేగడి. ఎండాకాలంలో నెర్రెలిచ్చి సిమెంటులా గట్టిపడుతుంది, అప్పుడు ఏ టైరైనా నడుస్తుంది. వాన పడ్డాక సంగతి వేరు. తడిసిన రేగడి టైరు గాట్లలోకి ఎక్కి కూర్చుంటుంది. రెండు చుట్లు తిరిగేసరికి ఏటీ టైరు కాస్తా గాట్లు లేని నున్నటి టైరైపోతుంది. ఇక నాలుగు చక్రాలకూ పవర్ ఉన్నా లాభం లేదు. ఈ నేలలో తిరిగేవాళ్లు టైరు అంచుల దగ్గర దిమ్మెల మధ్య ఎడం ఎక్కువగా ఉన్న రకాన్ని చూసుకోవాలి. ఎడం ఎక్కువైతే చక్రం కాస్త వేగంగా తిరిగినప్పుడు మట్టి దానంతట అదే ఊడి బయటికి చిమ్ముతుంది. గాట్లు దగ్గర దగ్గరగా ఉన్న ఏటీ హైవే మీద హాయిగా ఉంటుంది కానీ రేగడిలో ముందు చేతులెత్తేసేది అదే. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి: బండి దించే ముందు మీరు దిగి పది అడుగులు నడవండి. చెప్పులకు మట్టి అట్టలు కట్టి అడుగు బరువెక్కుతుంటే, ఎంత ఖరీదైన టైరు ఉన్నా ఆ పూట బండి దించొద్దు. ఒకటి రెండు రోజులు ఎండనివ్వండి.

డొంకల్లో అసలు శత్రువు బురద కాదు, ముల్లు. సర్కారు తుమ్మ ముళ్లు, కోత అయిపోయిన చేలల్లో నిలబడే పత్తి మోళ్లు, కంది మోళ్లు టైరు పక్కభాగంలో దిగుతాయి. నేలకు ఆనే భాగంలో పంక్చరైతే అతుకు పడుతుంది. పక్కభాగం చీలితే టైరు మార్చడమే, దానికి అతుకు వేయించుకుని హైవే ఎక్కడం ప్రాణానికి ప్రమాదం. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల వైపు సున్నపురాయి నేలల్లో, క్వారీ దారుల్లో కూడా ఇదే బాధ. అంచు పదునుగా ఉన్న రాయి పక్కభాగాన్ని కోసేస్తుంది. ఇలాంటి దారులు మీవైతే గాట్ల లోతు కన్నా ముందు పక్కభాగం మందం గురించి అడగండి. కొన్ని ఏటీ టైర్లకు పక్కభాగంలో మూడు పొరలు ఉంటాయి, మామూలువాటికి రెండే. ఎన్ని పొరలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది, చదువుకోవచ్చు.

సూర్యలంక, హంసలదీవి ఇసుకలో గాట్ల ఆకారంతో పెద్ద పని లేదు. అక్కడ పని చేసేది టైరులో గాలి తగ్గించడం. దాని సంగతి చివర్లో చెబుతాను. సాగర్, శ్రీశైలం వైపు నల్లమల పులుల అభయారణ్యం. అక్కడ రోడ్డు దిగడం చట్టరీత్యా నేరం, కాబట్టి దాని కోసం టైరు ఎంచుకునే ప్రసక్తే లేదు.

సైజు: లెక్క మీరే వేసుకోండి

డ్రైవరు తలుపు తీస్తే లోపలి స్తంభం మీద స్టిక్కరు కనిపిస్తుంది. మీ బండి టైరు సైజు, ఎంత గాలి ఉండాలి అన్నవి దాని మీద ఉంటాయి. ఫొటో తీసుకోండి, షాపులో పనికొస్తుంది.

థార్ ఎల్‌ఎక్స్‌కు 255/65 ఆర్18 అని ఉంటుంది. 255 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కభాగం ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. 18 అంటే రిమ్ము అంగుళాల్లో. మొత్తం ఎత్తు తెలుసుకోవాలంటే 255ను 0.65తో గుణించి, పైనా కిందా కలిపి రెండింతలు చేయండి, 331.5 వస్తుంది. 18 అంగుళాలంటే 457.2 మిల్లీమీటర్లు. రెండూ కలిపితే 788.7. అంటే సుమారు 31 అంగుళాల టైరు. ఫోన్‌లో నిమిషం పని. ఏ షాపువాడు ఏ సైజు చెప్పినా ఈ లెక్క వేసి పాత ఎత్తుతో పోల్చండి.

తేడా రెండు మూడు శాతం లోపు ఉండేలా చూసుకోండి. జిమ్నీ తీసుకుంటే కంపెనీ సైజు 195/80 ఆర్15, ఎత్తు 693. చాలామంది వేయించుకునే 215/75 ఆర్15 ఎత్తు 703.5, ఒకటిన్నర శాతం ఎక్కువ, పెద్ద ఇబ్బంది ఉండదు. 235/75 ఆర్15 అయితే 733.5. దాదాపు ఆరు శాతం. మీటరు 80 చూపించినప్పుడు పాత లెక్కతో పోలిస్తే మీరు 85 దగ్గర వెళుతుంటారు. ఓడోమీటరు తక్కువ చూపుతుంది, ఇంజను ఈడ్చుకుంటూ లాగుతుంది, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపల మడ్‌గార్డుకు రాసుకునే అవకాశం ఉంది. జిమ్నీ రిమ్ము వెడల్పు ఐదున్నర అంగుళాలే. ఆ టైరుకు ఆరు అంగుళాలకు తక్కువ కాని రిమ్ము కావాలి. చూశారా, ఒక్క సైజు మారిస్తే దాని వెనక ఎన్ని మార్చాల్సి వస్తుందో.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునగడం చూసినవాళ్లకు ఎత్తు టైర్లు వేయించుకుంటే నీళ్లలో పోవచ్చుగదా అనిపించడం సహజం. టైరు ఎత్తు రెండు అంగుళాలు పెరిగితే యాక్సిల్ లేచేది ఒక్క అంగుళమే, ఎందుకంటే మిగతా అంగుళం యాక్సిల్‌కు పైన ఉంటుంది. బండి ఎంత లోతు నీళ్లలో పోగలదన్నది ఇంజను గాలి పీల్చుకునే చోటు, వైరింగు ఎంత ఎత్తులో ఉన్నాయన్నదాని మీద ఆధారపడుతుంది. థార్‌కు కంపెనీ చెప్పిన లోతు 650 మిల్లీమీటర్లు. టైరు మార్చినంత మాత్రాన ఆ అంకె మారదు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషనుకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఏ సెక్షను కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇందులోంచి సులువుగా బయటపడే దారి ఒకటుంది. మీ మోడల్లోనే వేరే వేరియంట్‌కు కంపెనీ ఇస్తున్న సైజుల్లోనే ఉండండి. థార్‌కు 245/75 ఆర్16 కూడా కంపెనీ సైజే. ప్రమాదం జరిగి ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చినా అప్పుడు మీ మాట నిలబడుతుంది.

ఆ 16 అంగుళాల సైజు గురించి ఇంకో మాట. 255/65 ఆర్18లో పక్కభాగం ఎత్తు 166 మిల్లీమీటర్లు, 245/75 ఆర్16లో 184. రిమ్ము చిన్నదైతే రబ్బరు ఎక్కువ. గుంటలో పడ్డప్పుడు రిమ్ము వంగకుండా కాపాడేది, ఇసుకలో గాలి తగ్గించినప్పుడు పరుచుకునేది ఆ రబ్బరే. మట్టిలో తిరిగే బండికి నేనైతే చిన్న రిమ్మే వేస్తాను. ఫొటోల్లో పెద్ద రిమ్ము బాగుంటుంది, దారిలో చిన్న రిమ్ము బాగుంటుంది.

టైరు పక్కన ఉన్న మిగతా అంకెలు

సైజు పక్కన 111టీ లాంటి గుర్తు ఉంటుంది. 111 అంటే ఆ ఒక్క టైరు 1,090 కిలోలు మోయగలదు. 109 అయితే 1,030. టీ అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుంది, ఎస్ అయితే 180. మీ పాత టైరు మీద ఉన్న బరువు అంకె కన్నా కొత్తదాని అంకె తక్కువ కాకూడదు. ధర తక్కువని దీనికి మాత్రం రాజీ పడకండి. మిర్చి టిక్కీలు వేసుకుని యార్డుకు వెళ్లే బండికైతే మరీను.

సైజుకు ముందు ఎల్‌టీ, అంటే లైట్ ట్రక్ అని ఉన్న టైర్లు బరువు మోయడానికి గట్టిగా కట్టినవి. రాళ్లలో బాగా ఓర్చుకుంటాయి. కానీ ఖాళీ బండిలో ఎగిరెగిరి పడతాయి, మామూలు టైరు మోసే బరువే మోయడానికి వాటికి గాలి ఎక్కువ కావాలి. పల్నాడు క్వారీల్లో నిత్యం తిరిగేవాళ్లకు ఎల్‌టీ. మిగతావాళ్లకు మామూలు ఏటీ చాలు.

షాపులో చూడాల్సినవి

మన దగ్గర దొరికే ఏటీల్లో సియట్ జార్, అపోలో ఆప్‌టెర్రా ఏటీ2, యోకోహామా జియోలాండర్ ఏటీ ఎక్కువగా తారు, కొంచెం మట్టి తిరిగేవాళ్లకు సరిపోయే రకాలు. బీఎఫ్‌గుడ్రిచ్ కేఓ2 పక్కభాగం గట్టిది, రాళ్లకు మంచిది, కానీ బరువూ ధరా కూడా ఎక్కువే. ఏది కొన్నా సర్వీసు ఊళ్లో ఉందా, వారంటీ కార్డు మీద షాపు స్టాంపు వేసి ఇస్తారా అని ముందే అడగండి.

టైరు మీద డాట్ అన్న అక్షరాల వరసలో చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2325 అంటే 2025లో 23వ వారం తయారైంది. ఆరు నెలల లోపుది అడగండి, ఏడాది దాటితే ధర తగ్గించమనండి, రెండేళ్లు దాటిందాన్ని వదిలేయండి. మన ఎండలకు గోడౌనులో ఉన్న రబ్బరు కూడా గట్టిపడుతుంది. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతి మీద కేంద్రం ఆంక్షలు పెట్టింది. అందుకే అరుదైన విదేశీ సైజులు ఎవరైనా "స్టాకు ఉంది" అంటే తారీఖు రెండుసార్లు చూడండి. నాలుగు టైర్లూ ఒకే వారానివి కానక్కర్లేదు, కొన్ని వారాల తేడా పరవాలేదు. ఐఎస్‌ఐ గుర్తు లేని టైరు మాత్రం కొనొద్దు.

2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. బిల్లులో ఆ అంకె చూసుకోండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోకండి, రేపు టైరు ఉబ్బితే క్లెయిముకు అదే ఆధారం. బేరమాడేటప్పుడు ధరలో ఫిట్టింగు, బ్యాలెన్సింగు, కొత్త వాల్వులు, ఎలైన్‌మెంటు కలిసి ఉన్నాయా అని విడివిడిగా అడగండి. మీ పాత టైర్లు కొత్త బండివైతే వాటికి మంచి ధరే వస్తుంది, షాపుకు ఇచ్చే ముందు బయట కూడా ఒకసారి అడిగి చూడండి.

నాలుగు కాదు, ఐదు కొనండి. స్టెప్నీ వేరే ఎత్తులో ఉంటే, ఫోర్‌వీల్ వేసినప్పుడు చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరిగి గేరు వ్యవస్థ మీద ఒత్తిడి పడుతుంది.

ఇప్పుడు రిమ్ము

రిమ్ముకు ఐదు కొలతలున్నాయి. ఇందులో ఒక్కటి తప్పినా బండికి ముప్పే, కాబట్టి ఈ భాగం తొందరపడకుండా చదవండి.

మొదటిది బోల్టు రంధ్రాల వలయం, షాపుల్లో పీసీడీ అంటారు. ఆరు రంధ్రాలుంటే ఎదురెదురు రంధ్రాల మధ్యకు కొలిస్తే సరి. ఐదు రంధ్రాలైతే ఎదురెదురుగా ఉండవు. ఒకదాని మధ్య నుంచి, పక్కది వదిలేసి ఆ తర్వాతదాని మధ్యకు కొలిచి, వచ్చిన అంకెను 0.951తో భాగించండి. టేపుకు 132.9 మిల్లీమీటర్లు వస్తే పీసీడీ 139.7. జిమ్నీది ఐదు రంధ్రాల 139.7, ఫార్చ్యూనర్‌ది ఆరు రంధ్రాల 139.7. రంధ్రాలు సరిపోకపోతే కొత్తవి తొలిచి ఇస్తామనే చోటి నుంచి లేచి వచ్చేయండి.

రెండోది మధ్య రంధ్రం. జిమ్నీకి 108 మిల్లీమీటర్లు. రిమ్ము రంధ్రం చిన్నదైతే అసలు కూర్చోదు. పెద్దదైతే కూర్చుంటుంది కానీ సరిగ్గా మధ్యలో నిలవదు, 80 దాటగానే స్టీరింగు వణుకుతుంది. ఆ ఖాళీకి సరిపడే రింగులు దొరుకుతాయి, రిమ్ముతోపాటే అడిగి తీసుకోండి.

మూడోది ఆఫ్‌సెట్. రిమ్ము వెనక ఈటీ అని, పక్కన అంకె ఉంటుంది. రిమ్ము నడిమధ్య నుంచి హబ్బుకు, అంటే చక్రాన్ని బిగించే భాగానికి ఆనే ముఖం ఎంత దూరంలో ఉందో ఆ అంకె చెబుతుంది. ఫార్చ్యూనర్‌కు కంపెనీ ఇచ్చేది ఈటీ 30. దానికి అదే వెడల్పులో ఈటీ 0 రిమ్ము వేస్తే ఒక్కో చక్రం 30 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. బయటికి వచ్చిన చక్రం చూపుకు గంభీరంగా ఉంటుంది, నిజమే. కానీ వీల్ బేరింగు మీద భారం పెరుగుతుంది, గుంటలో పడినప్పుడు స్టీరింగు చేతిని లాగుతుంది, బురదంతా తలుపుల మీదికి, వెనక వచ్చే బైకు మీదికి చిమ్ముతుంది. కంపెనీ ఆఫ్‌సెట్‌కు పది మిల్లీమీటర్ల తేడా దాటకండి. హబ్బుకూ రిమ్ముకూ మధ్య స్పేసర్లు, అంటే మందపాటి బిళ్లలు వేసి చక్రాన్ని బయటికి తెస్తామంటే వద్దనండి.

నాలుగోది రిమ్ము వెడల్పు. టైరు కంపెనీ ఏ వెడల్పు వరకు ఒప్పుకుంటుందో వాళ్ల పట్టికలో ఉంటుంది, షాపువాళ్లను చూపించమనండి.

ఐదోది బరువు. రిమ్ము వెనక గరిష్ఠ భారం కిలోల్లో అచ్చు పోసి ఉండాలి. బండి మాన్యువల్లో ముందు, వెనక యాక్సిళ్ల గరిష్ఠ బరువు ఉంటుంది. పెద్ద అంకెను సగం చేయండి, రిమ్ము అంకె అంతకన్నా ఎక్కువ ఉండాలి. ఐఎస్‌ఐ గానీ, జపాను నాణ్యతా గుర్తులైన జేడబ్ల్యూఎల్, వీఐఏ గానీ లేని రిమ్ములు, పెద్ద కంపెనీల డిజైను కాపీ కొట్టి చవగ్గా అమ్మేవి, నల్ల రంగు కింద ఏ లోహం ఉందో తెలియనివి. వాటి జోలికి పోవద్దు. వంతెన అతుకు దగ్గర అల్లాయ్ పగిలితే గాలి మెల్లగా పోదు, ఒక్కసారిగా పోతుంది.

నట్ల సంగతి చాలామంది పట్టించుకోరు. కొన్ని కంపెనీ అల్లాయ్‌లకు వాషరుతో చదునుగా కూర్చునే నట్లు ఉంటాయి, టయోటా అల్లాయ్‌లవి అవే. బయట కొనే రిమ్ములకు ఎక్కువగా కొన దేరినవి కావాలి. పాత నట్టు కొత్త రిమ్ములో సరిగా కూర్చోకపోతే ఎంత బిగించినా వదులవుతుంది. నట్టును చేత్తో తిప్పి చుట్లు లెక్కపెట్టండి. బోల్టు 12 మిల్లీమీటర్లది, మరకు మరకు మధ్య ఎడం 1.5 అయితే కనీసం ఎనిమిది చుట్లు ఎక్కాలి.

నలుపు ఎలా తెచ్చుకోవాలి

కంపెనీ ఇచ్చిన సైజులోనే ఉండిపోతే నా మొదటి ఓటు మీ సొంత రిమ్ములకే. వాటికే పౌడర్ కోటింగ్ వేయించండి. పైన చెప్పిన ఐదు కొలతలూ అప్పటికే సరిపోయి ఉన్నాయి, చట్టంతో పేచీ లేదు, కొత్త రిమ్ముల ఖర్చులో చిన్న భాగంతో పని అయిపోతుంది.

కోటింగ్ చేసే చోట కొన్ని విషయాలు గట్టిగా చెప్పాలి. టైరు, వాల్వు, గాలి సెన్సరు, పాత బరువు ముక్కలు అన్నీ తీసేయాలి. పాత రంగు పూర్తిగా తీశాక పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. వెల్డింగు చేసిన రిమ్ముకు రంగు వేయించి మళ్లీ వాడొద్దు. పౌడరు దాదాపు 180 నుంచి 200 డిగ్రీల ఓవెన్లో కరిగి పట్టుకుంటుంది, గంటల తరబడి అంతకన్నా కాల్చడం అల్లాయ్‌కు మంచిది కాదు. అన్నిటికన్నా ముఖ్యం, నట్లు కూర్చునే గుంటలు, హబ్బుకు ఆనే వెనక ముఖం మీద రంగు పడకుండా కప్పాలి. అక్కడ మందంగా రంగు పడితే రోడ్డు మీద ఆ పొర నలిగి నట్లు వదులవుతాయి. డెలివరీ తీసుకునేటప్పుడు రిమ్మును తిరగేసి ముందు ఆ రెండు చోట్లే చూడండి.

నిగనిగలాడే నలుపా, మ్యాట్ నలుపా? నిగనిగలాడేది షోరూములో మెరుస్తుంది, వారం తిరక్కుండానే బ్రేకు పొడి, సన్న గీతలు అన్నీ పట్టిస్తుంది. మరీ మ్యాట్ అయితే గరుకుతనంలో గ్రావెల్ ఎర్రదుమ్ము ఇరుక్కుంటుంది, బోరు నీళ్లతో కడిగి ఆరనిస్తే తెల్ల మచ్చలు కడతాయి, పాలిషు పెట్టి పోగొడదామంటే మ్యాట్ పోయి అక్కడక్కడా మెరుస్తుంది. రెండింటికీ మధ్యలో ఉండే శాటిన్ నలుపు మన దుమ్ముకు, మన నీళ్లకు తట్టుకుంటుంది. నేను చెప్పేది అదే.

జిమ్నీ, గూర్ఖా లాంటివి నిజంగా రాళ్లల్లో తిరిగితే నల్ల స్టీలు రిమ్ములు కూడా చక్కటి ఎంపిక. బరువు ఎక్కువే, కానీ వంగితే ఊళ్లోనే సరిచేస్తారు, అల్లాయ్‌లా పగలవు. రంగు లేచిన చోట తుప్పు పట్టకుండా వెంటనే పూత వేస్తే చాలు.

బిగించే రోజు

ఉదయాన్నే వెళ్లండి, దగ్గరుండి చేయించండి. హబ్బు ముఖం మీద తుప్పు ఉంటే వైరు బ్రష్షుతో గీకించండి. బ్యాలెన్సింగుకు రిమ్ము లోపలి వైపు అంటించే ముక్కలు, నల్లవే వాడమనండి, అంచున కొట్టే క్లిప్పులు కొత్త రంగును లేపేస్తాయి. నట్లను గాలి గన్నుతో చివరిదాకా బిగించనివ్వకండి. ఎదురెదురుగా, నక్షత్రం వరసలో, ఆఖరి బిగింపు ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచితో, మాన్యువల్లో ఉన్న అంకెకు. ఆ తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూపించండి. కొత్త రిమ్ములకు ఇది తప్పనిసరి.

షాపు ముందే స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఒక చక్రాన్ని ఫుట్‌పాత్ అంచు ఎక్కించి చూడండి. ఎక్కడైనా రాసుకుంటే అక్కడే తెలుస్తుంది. ఎలైన్‌మెంటు కాగితం తీసుకోండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు కొత్త రబ్బరు పైపూత పోయేదాకా జారుతుంది, హైవే మీద ముందు బండికి దూరం పాటించండి.

తర్వాత చూసుకోవాల్సినవి

గాలి ఎప్పుడూ పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. ఐదారు డిగ్రీల వేడికి సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం హైవే మీద ఆగి, ఎక్కువుందని గాలి తీసేస్తే రాత్రికి తక్కువైపోతుంది.

ఇసుకలో దిగే ముందు 15 నుంచి 18 పీఎస్‌ఐకి తగ్గించండి, టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. ఆ గాలితో మెల్లగా, మలుపులు కొట్టకుండా నడపాలి. తారు ఎక్కే ముందు మళ్లీ నింపాలి. అందుకే చిన్న కంప్రెసరు బండిలో లేనివాళ్లు గాలి తగ్గించకూడదు. తీరంలో స్థానికంగా బండ్లకు అనుమతి ఉందో లేదో కనుక్కున్నాకే దిగండి. జనవరి నుంచి మార్చి వరకు మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో ఇసుక మీదికి బండి తీసుకెళ్లనే వద్దు. సముద్రం నుంచి వచ్చిన రోజే మంచినీళ్లతో రిమ్ముల వెనక వైపు కూడా కడగండి. ఉప్పు రంగు లేచిన చోటి నుంచి లోపలికి పాకుతుంది. రిమ్ము కాలుతుండగా నీళ్లు కొట్టకండి, యాసిడ్ కలిసిన క్లీనర్లు వాడకండి.

ఎనిమిది, పదివేల కిలోమీటర్లకు ఒకసారి స్టెప్నీతో కలిపి ఐదు టైర్లనూ చోట్లు మార్పించండి. ఏటీ దిమ్మెలు ఒకే చోట ఎక్కువ కాలం ఉంటే అంచులు మెట్లుమెట్లుగా అరిగి మోత మొదలవుతుంది.

చట్టం ప్రకారం గాటు లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, గాట్ల మధ్య చిన్న దిమ్మె ఆ గుర్తు. ఏటీ విషయంలో నేను అంతవరకు ఆగను. మూడు మిల్లీమీటర్లకు వచ్చిందంటే బురదలో పట్టు అప్పటికే పోయి ఉంటుంది, తడి తారు మీద నీళ్లను తోసే శక్తీ తగ్గిపోతుంది. మే నెలాఖరున ఒకసారి లోతు కొలిపించి, మూడుకు దగ్గరగా ఉంటే తొలకరికి ముందే మార్పించండి.